విమానంలో తెలియని వాసన వస్తే ఏం చేయాలి?



బీపీ మాత్రల కోసం నెలనెలా మా ఆసుపత్రికి వచ్చే ఒక తల్లి ఆ రోజు తన గురించి కాక కూతురి గురించి అడిగారు. కూతురు కువైట్‌లో ఇంటిపనికి కుదిరి మొదటిసారి విమానం ఎక్కింది. దిగడానికి ఇంకా అరగంట ఉందనగా ఏదో మాడిన వాసన వచ్చింది, గొంతులో మంట పుట్టింది. పక్కవాళ్లు నిద్రపోతున్నారు. ఎవరికి చెప్పాలో, ఏ భాషలో చెప్పాలో తెలియక ఆ అమ్మాయి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని అలాగే కూర్చుంది. కాసేపటికి వాసన తగ్గింది. విమానం క్షేమంగా దిగింది. కాని రెండు రోజులపాటు తలనొప్పి, దగ్గు. "అది ఏం వాసనండీ? ఇప్పుడు నా పిల్లకి ఏమన్నా అవుతుందా?" అని ఆ తల్లి కళ్లనీళ్లతో అడిగారు.

ఆ అమ్మాయి ఇప్పుడు బాగానే ఉంది. అయితే ఈ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. కోనసీమ, నరసాపురం, పాలకొల్లు వైపు నుండి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లే సహోదరీలు ఎంతోమంది. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, పురుళ్లకీ పుణ్యాలకీ అంత దూరం వెళ్లి వచ్చే అమ్మమ్మలు, తాతయ్యలు మన సంఘాల్లోనే ఎందరో ఉన్నారు. అందుకే ఈ సంచికలో ఈ విషయం వివరంగా రాస్తున్నాము. విమానాలంటే భయం పెంచాలని కాదు. తెలిసి ఉంటే భయం తగ్గుతుంది, పని సరిగా జరుగుతుంది.

వాసనను తేలిగ్గా తీసుకోకూడదని మన ప్రాంతానికి వేరే చెప్పనక్కరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో పైపులైను నుండి లీకైన గ్యాసు ఊరి మీద పరుచుకుని, నిప్పు తగిలి అంటుకుంది. ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. వాసన అనేది ముందుగా వచ్చే కబురు. దాన్ని విన్నవారు వెంటనే మరొకరికి చెప్పాలి. నేల మీదైనా ఆకాశంలోనైనా ఇదే సూత్రం.

విమానంలో మనం పీల్చే గాలి ఎక్కడిది?

బస్సులో వాసన వస్తే కిటికీ తెరుస్తాము. విమానంలో అది కుదరదు. ముప్పై వేల అడుగుల పైన గాలి చాలా పలుచన, చలి సున్నాకు నలభై, యాభై డిగ్రీల దిగువన ఉంటుంది. అందువల్ల బయటి గాలిని దగ్గరకు నొక్కి, తగిన వేడికి తెచ్చి లోపలికి పంపాలి. అలా పంపినా లోపల ఉండేది నేలమీది గాలి ఒత్తిడి కాదు. సుమారు ఆరు నుండి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు, అంటే ఊటీలో ఉన్నట్టు ఉంటుంది.

చాలా విమానాల్లో ఈ గాలిని నొక్కే పని ఇంజనే చేస్తుంది. ఇంజను ముందు భాగం గాలిని లోపలికి పీల్చి బాగా నొక్కుతుంది. ఇంధనం కలవకముందే అందులో కొంత గాలిని పక్కకు తీసి, చల్లబరచి ప్రయాణికుల గదికి పంపుతారు. మన రొయ్యల చెరువుకు ఏరేటర్ ఎలాగో విమానంలో మనకు ఇంజను అలాగన్నమాట. బోయింగ్ 787 రకంలో మాత్రం దీనికి విడిగా కరెంటుతో నడిచే యంత్రాలున్నాయి.

ఇంజను తిరగడానికి నూనె కావాలి. ఆ నూనె గాలి దారిలోకి రాకుండా సీళ్లు ఉంటాయి. సీలు అరిగినా, ఏదైనా భాగం పాడైనా కొంచెం నూనె వేడిగాలిలో పడి ఆవిరై, పొగై, ఏసీ రంధ్రాల గుండా మన ముక్కుకు చేరుతుంది. విమానాల్లో లోపలి గాలిని తిరిగి వాడేటప్పుడు హెపా అనే ఫిల్టరు గుండా పంపుతారు. అది దుమ్మును, సూక్ష్మక్రిములను బాగా పట్టేస్తుంది. కాని వాయువులను, ఆవిరులను ఆపలేదు. పైగా ఇంజను నుండి నేరుగా వచ్చే తాజా గాలి మామూలుగా ఆ ఫిల్టరు గుండా రాదు.

శంషాబాద్‌లో ఏం జరిగింది?

2022 అక్టోబరు 12 రాత్రి గోవా నుండి హైదరాబాదు వస్తున్న స్పైస్‌జెట్ క్యూ400 విమానంలో ఇదే జరిగింది. ఇది రెండు పంకాలతో ఎగిరే మధ్యరకం విమానం. ఒకప్పుడు మన మధురపూడి విమానాశ్రయానికీ ఇటువంటివి వచ్చేవి. దిగే సమయంలో పైలట్ల గదిలోను, ప్రయాణికుల గదిలోను పొగ కమ్ముకుంది. పైలట్లు అత్యవసర పరిస్థితి ప్రకటించి శంషాబాద్‌లో క్షేమంగా దించారు. అందులో 86 మంది ప్రయాణికులున్నారు. దిగే తొందరలో ఒక స్త్రీకి కాలు గీరుకుపోయింది. అంతకు మించి ఎవరికీ గాయాలు కాలేదు. ఆ విమానానికి దారి ఇవ్వడం కోసం మరో తొమ్మిది విమానాలను వేరే ఊళ్లకు మళ్లించారు.

పౌరవిమానయాన శాఖ తనిఖీ సంస్థ డీజీసీఏ పరిశీలించగా, ఇంజను నుండి గాలి వెళ్లే వాల్వు దగ్గర నూనె కనిపించింది. ఆ నూనె ఏసీ గాలిలో కలిసి పొగ వచ్చింది. ఆ తరువాత ఆ సంస్థకు చెందిన క్యూ400 విమానాలన్నింటి ఇంజను నూనె నమూనాలను పదిహేను రోజులకొకసారి తయారీ కంపెనీకి పంపి పరీక్ష చేయించాలని డీజీసీఏ ఆదేశించింది.

అదే సంవత్సరం జులైలో కోళికోడ్ నుండి దుబాయి వెళ్తున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానంలో, ముందువైపు వంటగదిలోని ఒక గాలి రంధ్రం నుండి మాడు వాసన వచ్చింది. పైలట్లు దుబాయి దాకా ఆగకుండా మస్కట్‌లో దించేశారు. కారణం తెలియని వాసన వస్తే దగ్గరలో ఉన్న విమానాశ్రయంలో దిగడమే మేలని దీనివల్ల తెలుస్తుంది. ప్రయాణం ఆలస్యమైనందుకు విసుక్కోవడం కాదు, ఆ నిర్ణయానికి కృతజ్ఞత చెప్పుకోవాలి.

ఇవి ఎంత తరచుగా జరుగుతాయి? 2007లో బ్రిటన్ ప్రభుత్వ నిపుణుల కమిటీ ఒకటి దీన్ని పరిశీలించింది. పైలట్లు చెప్పినదాని ప్రకారం సుమారు నూరు ప్రయాణాలలో ఒకదానిలో ఏదో ఒక వాసనో పొగో గమనించారు. తరువాత మెకానిక్కులు చూసి నిజంగా లోపం ఉందని తేల్చినవి సుమారు రెండు వేల ప్రయాణాలకు ఒకటి. వీటిలో చాలావరకు ఎవరికీ హాని లేకుండా ముగుస్తాయి.

ప్రతి వాసనా ప్రమాదమేనా?

కాదు. మొదటిసారి ఎక్కేవారు కంగారుపడకుండా ఈ తేడాలు తెలుసుకోవాలి.

తెల్లటి మంచు వంటి పొగ: మన రాజమండ్రి, విజయవాడ, చెన్నై వంటి ఉక్క ఊళ్లలో విమానం ఎక్కగానే పై రంధ్రాల నుండి తెల్లగా పొగ వంటిది జారుతుంది. దానికి వాసన ఉండదు, కళ్లు మండవు. చల్లగాలి తగిలి తేమ మంచులా మారడమే అది. భయం లేదు.

కిరోసిను వాసన: నేల మీద నిలబడి ఉన్నప్పుడు ముందున్న విమానం పొగ మన విమానంలోకి లాగబడుతుంది. కొద్ది నిమిషాల్లో పోతుంది. గాలిలోకి లేచిన తరువాత కూడా వస్తుంటే చెప్పాలి.

మందు కొట్టిన వాసన: కొన్ని దేశాల ప్రయాణాలలో దోమలు, పురుగులు చావడానికి విమానంలో మందు చల్లుతారు. చల్లేముందు మైకులో చెప్తారు. ఉబ్బసం ఉన్నవారు ముందే సిబ్బందికి చెప్పి ముక్కుకు గుడ్డ పెట్టుకోవాలి.

తడిసిన మేజోళ్ల వాసన, ముక్కిన వాసన, మాడిన నూనె వాసన: ఇది ఇంజను నూనె అయి ఉండవచ్చు. తప్పక చెప్పాలి.

కాలిన ప్లాస్టిక్కు, కాలిన వైరు వాసన: ఇది కరెంటుకు సంబంధించినది కావచ్చు. ఒక్క నిమిషం కూడా ఆగకుండా చెప్పాలి.

తియ్యటి ఘాటైన వాసన, చిటపట శబ్దం, సీటు దగ్గర వేడి: ఫోను లేక పవర్ బ్యాంకు బ్యాటరీ కావచ్చు. వెంటనే పిలవాలి.

మీ ముక్కుకు ఏది ఏదో తేలకపోయినా ఫరవాలేదు. తేల్చడం సిబ్బంది పని. చెప్పడం మన పని.

ఆలస్యం ఎందుకు చేయకూడదు?

1998 సెప్టెంబరు 2 రాత్రి న్యూయార్కు నుండి జెనీవా వెళ్తున్న స్విస్ ఎయిర్ 111 విమానంలో పైలట్లకు తెలియని వాసన వచ్చింది. మొదట అది ఏసీ నుండి వస్తున్నదని అనుకున్నారు. నిజానికి వారి తల మీద కప్పులోపల వైరు దగ్గర నిప్పురవ్వ పుట్టి, చుట్టూ ఉన్న పొర అంటుకుంది. మొదటి వాసన నుండి సుమారు ఇరవై నిమిషాలకే విమానం కెనడా తీరాన సముద్రంలో కూలి 229 మంది చనిపోయారు. ఆ విషాదం తరువాత విమానాల్లో అటువంటి పొరలను మార్చారు, పైలట్ల శిక్షణను కూడా మార్చారు. కారణం కోసం వెదుకుతూ కూర్చోవడం కంటే ముందు దిగే దారి చూడమన్నదే ఆ పాఠం.

దిగిన తరువాత ఆలస్యం కూడా అంతే ప్రమాదం. 1980 ఆగస్టు 19న రియాద్ నుండి జెడ్డాకు బయలుదేరిన సౌదియా విమానంలో వెనుకవైపు పొగ కనబడగానే వెనక్కి తిప్పి రియాద్‌లో క్షేమంగానే దించారు. కాని తలుపులు వెంటనే తెరుచుకోలేదు. నేలమీదికి వచ్చిన తరువాత కూడా లోపలున్న 301 మందీ బతకలేదు. అందువల్లనే ఈనాడు "దిగండి" అన్న కేక వినబడితే సంచుల కోసం వెదకవద్దని అంత గట్టిగా చెప్తారు.

పైలట్లు, సిబ్బంది ఏం చేస్తారు?

మనకు కనబడకపోయినా లోపల చాలా పని జరుగుతుంది. పైలట్లు ముందుగా తమ ఆక్సిజన్ మాస్కులు పెట్టుకుంటారు. వారు స్పృహలో ఉంటేనే మనందరం క్షేమం. తరువాత కంట్రోల్ టవరుకు కబురు చెప్తారు. గాలి పంపే యంత్రాలను ఒక్కొక్కటిగా ఆపి చూస్తారు. ఒకటి ఆపగానే వాసన తగ్గితే కారణం అటువైపు ఉన్నట్టు. కింది ఎత్తుకు దిగి, దగ్గరలోని విమానాశ్రయానికి తిప్పుతారు.

సిబ్బంది వంటగది పొయ్యిలు, మరుగుదొడ్ల చెత్తబుట్టలు, సీట్ల పై అరలు తడిమి చూస్తారు. వారి దగ్గర తలంతా కప్పే పొగ ముసుగులు ఉంటాయి. అవి సుమారు పదిహేను నిమిషాలు పనిచేస్తాయి. ఈ పనిలో వారి ప్రాణాలకూ ప్రమాదం ఉంది. 2024 డిసెంబరు 23న బుకారెస్టు నుండి జ్యూరిక్ వెళ్తున్న స్విస్ విమానంలో ఇంజను లోపం వల్ల పొగ నిండి ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో దించారు. ప్రయాణికులు బయటపడ్డారు. కాని సిబ్బందిలో ఒక యువకుడు వారం రోజులకు ఆసుపత్రిలో కన్నుమూశాడు. సిబ్బంది గట్టిగా మాట్లాడితే కోపగించుకోకండి.

మనం ఏం చేయాలి?

1. వెంటనే చెప్పండి. సీటు పైన మనిషి బొమ్మ ఉన్న బొత్తాన్ని నొక్కండి. ఎవరూ రాకపోతే చేయి ఎత్తి పిలవండి. భాష రాకపోయినా "స్మెల్", "స్మోక్" అన్న రెండు మాటలు చాలు. ముక్కు చూపించి, ఎక్కడి నుండి వస్తుందో వేలు చూపించండి. హిందీ వచ్చినవారు "ధువా" అనండి. ప్రయాణానికి ముందు ఈ మాటలు మీ పిల్లలకు, పెద్దలకు నేర్పించండి.

2. సీటులోనే ఉండండి, బెల్టు పెట్టుకోండి. అందరూ లేచి ముందుకు తోసుకుంటే సిబ్బంది పొగ దగ్గరికి వెళ్లలేరు. సిబ్బంది చోటు మార్చమంటేనే మారండి.

3. తల మీద గాలి రంధ్రం నుండే వాసన వస్తుంటే దాన్ని మూసేయండి.

4. ముక్కు, నోరు గుడ్డతో కప్పుకోండి. తడి గుడ్డ మసిని కొంత ఆపుతుంది, గొంతు మంట తగ్గిస్తుంది. కాని విషవాయువులను ఆపదు. గుడ్డ పెట్టుకున్నాం కదా అని చెప్పడం మానకండి.

5. పొగ కనబడితే తల వంచి కిందికి ఉండండి. పొగ పైకి పోతుంది, కింద గాలి కొంత మేలు.

6. నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. భయంతో గబగబా ఊపిరి తీస్తే వేళ్లు, పెదవుల చుట్టూ తిమ్మిరి, తల తిరగడం వస్తాయి. అది విషం వల్లనే అనుకుని ఇంకా భయపడతాము. నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ బయటికి. కాగితం సంచిలో ఊపిరి తీయవద్దు.

7. ఎక్కగానే మీకు దగ్గరి తలుపు ఎన్ని వరుసల దూరంలో ఉందో ముందుకూ వెనక్కూ లెక్కపెట్టుకోండి. పొగలో కళ్లు కనబడకపోయినా చేతితో సీట్లు తడుముకుంటూ చేరవచ్చు.

8. దిగమన్నప్పుడు సంచి, పెట్టె వదిలేయండి. బంగారమైనా సరే. పాస్‌పోర్టు, డబ్బు, మందుల చీటీ ఒంటిమీది చిన్న సంచిలో ఉంచుకుంటే ఆ బెంగ ఉండదు.

పైనుంచి పడే మాస్కు సంగతి

"పొగ వస్తే పైనుంచి మాస్కులు పడతాయి కదా?" అని చాలామంది అడుగుతారు. అది పొగ కోసం కాదు. లోపలి గాలి ఒత్తిడి బాగా తగ్గిపోయినప్పుడు ఊపిరి అందడం కోసం. ఆ మాస్కు ఆక్సిజన్‌తో పాటు గదిలోని గాలిని కూడా కలిపి ఇస్తుంది. అంటే పొగ ఉంటే పొగనూ లోపలికి తీసుకుంటుంది. పైగా మంట ఉన్నచోట ఆక్సిజన్ వదలడం మంటకు ఆజ్యం పోయడమే. అందువల్ల పొగ వచ్చినా మాస్కులు పడకపోతే యంత్రం పాడైందనో, సిబ్బంది మనల్ని వదిలేశారనో అనుకోవద్దు. తక్కువ ఎత్తులో ఎగిరే ఏటీఆర్, క్యూ400 వంటి పంకాల విమానాల్లో సాధారణంగా పైనుంచి పడే మాస్కులే ఉండవు.

శరీరానికి ఏమవుతుంది?

కొద్దిసేపు వాసన పీల్చినవారిలో చాలామందికి కళ్లు మండటం, గొంతు గరగర, దగ్గు, తలనొప్పి, వికారం వస్తాయి. మంచి గాలి తగిలితే కొన్ని గంటల్లో తగ్గిపోతాయి. ఉబ్బసం, పాత దమ్ము, గుండెజబ్బు ఉన్నవారికి, గర్భిణులకు, పసిపిల్లలకు జాగ్రత్త ఎక్కువ కావాలి.

ఏదైనా కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుట్టవచ్చు. దానికి వాసన లేదు, రంగు లేదు. రక్తంలో ఆక్సిజన్ చోటును అది ఆక్రమిస్తుంది. ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. కోవిడ్ తరువాత చాలా ఇళ్లలో వేలికి పెట్టే ఆక్సీమీటరు ఉంది. కార్బన్ మోనాక్సైడ్ పీల్చినవారికి దాన్ని పెడితే 98, 99 అని చూపించవచ్చు. ఆ యంత్రం రెంటికీ తేడా తెలుసుకోలేదు. కాబట్టి పొగ పీల్చి తల తిరుగుతున్నవారు అంకె బాగుందని ఇంట్లో ఉండిపోకూడదు.

ఇక ఇంజను నూనె. అందులో ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్ అనే రసాయనం కొద్దిగా కలుపుతారు. దానిలో ఒక రకం నరాలకు హాని చేస్తుంది. 1988లో కలకత్తా బెహాలాలో వంటనూనెలో ఈ రసాయనం కలిసి, ఆ నూనె తిన్న వందలమందికి కాళ్లు చచ్చుబడ్డాయి. ఆ మాట వినగానే భయం వేస్తుంది. కాని వారు దాన్ని నోటితో తిన్నారు. విమానంలో ఆవిరిగా ముక్కుకు చేరే మోతాదు దానితో పోల్చితే ఎంతో తక్కువ. హాని చేసే ఆ రకాన్ని కూడా నేటి నూనెల్లో బాగా తగ్గించారు. ఒక్కసారి కొద్దిసేపు వాసన పీల్చినంత మాత్రాన కాళ్లు పడిపోతాయని బెంగ పెట్టుకోనక్కరలేదు. ఏళ్ల తరబడి విమానాల్లో పనిచేసే పైలట్లకు, సిబ్బందికి దీర్ఘకాలం హాని కలుగుతుందా అన్న విషయంలో మాత్రం వైద్యుల మధ్య వాదన ఇంకా తేలలేదు.

దిగిన తరువాత

ఆ అమ్మాయి చేయనిది, మీరు చేయవలసినది ఇదే. దిగేముందే సిబ్బందికి మీ ఇబ్బంది చెప్పి రాయించుకోమనండి. విమానాశ్రయంలో వైద్యుడు ఉంటే చూపించుకోండి. ఒక కాగితం మీద తేదీ, విమానం నంబరు, సీటు నంబరు, వాసన ఎలా ఉంది, ఎంతసేపు ఉంది, పొగ కనబడిందా, మీకు ఏమేమి బాధలు వచ్చాయి అన్నవి రాసుకోండి. బోర్డింగ్ పాసు చించేయకండి. డాక్టరుకు ఈ కాగితం చూపిస్తే సగం పని అయినట్టే.

రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ పరీక్ష చేయాలంటే ఆలస్యం కాకూడదు. మామూలు గాలి పీలుస్తుంటే అది నాలుగైదు గంటల్లో సగానికి పడిపోతుంది. ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నరలోనే సగమవుతుంది. అది చికిత్సకు మంచిదే. కాని మరునాడు వచ్చి పరీక్ష చేయమంటే ఏమీ కనబడదు. నూనె పొగ పీల్చారా లేదా అని తేల్చే ఒక్క రక్తపరీక్ష అంటూ ఈనాటికీ వాడుకలో లేదు. అందువల్ల మీరు చెప్పే వివరమే ముఖ్యం.

ఈ లక్షణాలుంటే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి: ఆయాసం, పిల్లికూతలు, గొంతు బొంగురుపోవడం, ఛాతీ నొప్పి, మత్తు, మాట తడబడటం, స్పృహ తప్పడం, ఉమ్మిలో మసి, వాంతులు ఆగకపోవడం. కొన్నిసార్లు పొగ పీల్చిన వెంటనే బాగానే ఉండి, ఒక రోజు తరువాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది. కాబట్టి ఒకటిన్నర రోజు వరకు కనిపెట్టుకుని ఉండాలి. ఒంటరిగా పడుకోకూడదు. గర్భిణులు బాధ లేకపోయినా ఒకసారి చూపించుకోవాలి. గల్ఫ్‌లో కొత్తగా పనిలో చేరినవారు "మొదటి రోజే సెలవు ఎలా అడగడం" అని దాచుకోకండి. యజమానికి చెప్పి క్లినిక్కుకు వెళ్లండి, ఇంటికి ఫోను చేసి చెప్పండి.

మనవల్ల పొగ రాకూడదు

పవర్ బ్యాంకును, విడి బ్యాటరీలను పెద్ద పెట్టెలో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉంచాలి. సామాన్ల గదిలో అంటుకుంటే ఎవరికీ కనబడదు. 100 వాట్ అవర్ లోపు ఉన్నవే మామూలుగా అనుమతిస్తారు. ఉబ్బినవి, పగిలినవి, సంతలో కొన్న పేరులేనివి ఇంట్లో వదిలేయండి. విమానంలో దానితో ఫోను ఛార్జి చేయవద్దు. ఎమిరేట్స్ సంస్థ 2025 అక్టోబరు 1 నుండి తన విమానాల్లో పవర్ బ్యాంకు వాడకాన్ని నిషేధించింది. ఫోను సీటు సందులో పడితే సీటు వెనక్కి వంచకుండా సిబ్బందిని పిలవండి. ఫోను నలిగితే బ్యాటరీ అంటుకుంటుంది.

మరుగుదొడ్డిలో చాటుగా బీడీ, సిగరెట్టు కాల్చే అలవాటు ఉన్నవారికి ఒక మాట. 1973లో పారిస్ దగ్గర వారిగ్ సంస్థ విమానం మరుగుదొడ్డిలో పుట్టిన నిప్పు వల్ల 123 మంది చనిపోయారు. ఇప్పుడు అక్కడ పొగ పసిగట్టే పరికరం ఉంటుంది, పట్టుబడితే కేసు తప్పదు.

ఉబ్బసం ఉన్నవారు ఇన్‌హేలరును చేతిసంచిలోనే ఉంచుకోండి. పెద్ద పెట్టెలో పెడితే అవసరానికి అందదు. డాక్టరు చీటీ కూడా వెంట ఉంచుకోండి. ఈమధ్య ఆయాసం ఎక్కువైనవారు, ఛాతీ ఆపరేషను అయినవారు టిక్కెట్టు కొనేముందే మా ఓపీకి వచ్చి సలహా తీసుకోండి.

చివరిగా ఒక మాట

రోజూ లక్షలమంది విమానాల్లో క్షేమంగా వెళ్లి వస్తున్నారు. మన ఊళ్ల నుండి రైల్వేస్టేషనుకు, విమానాశ్రయానికి వెళ్లే రోడ్డు ప్రయాణంలో ఉన్న ప్రమాదం ఆకాశంలో లేదు. అయినా ఆ తల్లి ప్రశ్న మమ్మల్ని ఆలోచింపజేసింది. ఆ అమ్మాయి నోరు తెరవనిది ధైర్యం లేక కాదు, తన మాట ఎవరు వింటారులే అని. విమానంలో నూట యాభైమంది ఉండవచ్చు, కాని ఆ వాసన మొదట తగిలేది ఎవరో ఒక్కరికే. ఆ ఒక్కరు మన పిల్ల కావచ్చు. వీడ్కోలు ప్రార్థన చేసి, పచ్చళ్లు సర్ది, డబ్బు జాగ్రత్త అని చెప్పి పంపేటప్పుడు ఈ మాట కూడా చెప్పి పంపండి: "వాసన వస్తే ఊరుకోకమ్మా, బొత్తాం నొక్కి చెప్పు."

గుర్తుంచుకోండి

• తెలియని వాసన వస్తే వెంటనే సిబ్బందికి చెప్పాలి.
• సీటులోనే ఉండి, బెల్టు పెట్టుకుని, ముక్కుకు గుడ్డ కప్పుకోవాలి.
• పైనుంచి పడే మాస్కు పొగ కోసం కాదు.
• దిగమంటే సంచులు వదిలేసి దిగాలి.
• ఆక్సీమీటరు అంకెను నమ్ముకుని ఇంట్లో ఉండిపోకూడదు.
• విమానం నంబరు, సీటు, సమయం, వాసన రాసుకుని అదే రోజు డాక్టరుకు చూపించుకోవాలి.

ఈ పుటను కత్తిరించి, ప్రయాణం ఉన్నవారి పాస్‌పోర్టు కవరులో పెట్టి ఇవ్వండి.